నాలుగున్నర నెలల బాబు: టీఏపీవీసీ ఆపరేషన్ తర్వాత పుపుస సిర సన్నబడిందంటున్నారు, ఇప్పుడేం చేయాలి?

నరసరావుపేట నాన్న | జూన్ 3, రాత్రి 10:40

సభ్యులందరికీ నమస్కారం. మా బాబుకు పుట్టుకతోనే టీఏపీవీసీ ఉందని, అంటే ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తాన్ని తెచ్చే నాలుగు పుపుస సిరలూ గుండె ఎడమ పై గదికి చేరకుండా వేరే చోట కలుస్తున్నాయని, పదో రోజున తెలిసింది. ఇరవై రెండో రోజున ఆపరేషన్ చేశారు. ఇంటికి వచ్చాక రెండు నెలలు పాలు బాగా తాగాడు, బరువూ పెరిగాడు. మూడో నెల దాటిన తర్వాత నాలుగు గుక్కలు తాగి వదిలేయడం, నుదుటి మీద చెమట పట్టడం, నిద్రలో కూడా డొక్కలు ఎగరేయడం మొదలయ్యాయి. మా ఊళ్ళో నెమ్ము చేసిందని రెండుసార్లు యాంటీబయాటిక్స్ ఇచ్చి, నెబ్యులైజర్ పెట్టారు. తగ్గినట్టే తగ్గి వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేది. బాబు నిద్రపోతున్నప్పుడు ఫోనులో టైము పెట్టుకుని నేనే లెక్కపెడితే నిమిషానికి 68 శ్వాసలు వచ్చాయి.

నిన్న ఆపరేషన్ చేసిన చోటికే తీసుకెళ్ళి ఎకో (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించాం. ఎడమ కింది పుపుస సిర దగ్గర రక్తం సుడి తిరుగుతూ వేగంగా పోతోందని, అక్కడ సగటు పీడన వ్యత్యాసం 7 అని, ఊపిరితిత్తుల్లో రక్తపోటు కూడా పెరిగిందని రాశారు. ముందు సీటీ, దాన్ని బట్టి క్యాథ్ (రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండెలోకి పంపి చేసేది) గాని మళ్ళీ ఆపరేషన్ గాని అన్నారు. మొదటి ఆపరేషన్ సరిగా చేయకపోవడం వల్లే ఇలా అయిందా? ఒక్క సిరే కదా, కొంతకాలం చూడవచ్చా? ఈ రెండూ తెలిసినవారు చెప్పగలరు.

పిల్లల గుండె వైద్యుడు | జూన్ 3, రాత్రి 11:55

నాన్నగారూ, బాబును చూడకుండా చికిత్స చెప్పడం నాకు సాధ్యం కాదు, చెప్పకూడదు కూడా. జబ్బు స్వభావం మాత్రం వివరిస్తాను, దాంతో మీ వైద్యులను ఏమేం అడగాలో మీకే తెలుస్తుంది.

మీ రెండో ప్రశ్నకు ముందుగా జవాబు: వేచి చూడకండి. ఈ సంకోచం, అంటే సిర సన్నబడడం, ఒకచోట స్థిరంగా నిలిచి ఉండే మచ్చ లాంటిది కాదు. సిర లోపలి పొరలో కండర కణాల లక్షణాలూ మచ్చకట్టే కణాల లక్షణాలూ రెండూ ఉన్న ఒక రకం కణాలు పెరుగుతూ పోయి గొట్టాన్ని లోపలి నుంచి మూసేస్తాయి, కొందరిలో అది సిర వెంబడి ఊపిరితిత్తిలోకి కూడా పాకుతుంది. సిర పూర్తిగా మూసుకుపోయిన తర్వాత దాన్ని తిరిగి తెరవడం, సన్నగా ఉన్నప్పుడు వెడల్పు చేయడం కంటే చాలా కష్టం.

మొదటి ప్రశ్న ప్రతి తల్లీ తండ్రీ అడిగేదే. టీఏపీవీసీ సరిచేసిన పిల్లల్లో నూటికి సుమారు పది పదిహేను మందికి, ఎంత నిపుణులు చేసినా, ఆ తర్వాత సిరల దారి సన్నబడుతుంది. ఎక్కువగా మొదటి ఆరు నెలల లోపే కనిపిస్తుంది. ఇందులో రెండు రకాలను వేరుచేసి చూడాలి. సిరలను గుండెకు కలిపిన అతుకు దగ్గరే బిగుసుకుంటే అది ఒక రకం, దానికి ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. అతుకు బాగానే ఉండి, సిరల్లోనే లోపలి పొర పెరుగుతుంటే అది రెండో రకం, ఇదే మమ్మల్ని ఎక్కువగా భయపెడుతుంది. ఎన్ని సిరలకు పట్టింది, రెండు వైపులా ఉందా, ఒక వైపేనా అన్నవాటి మీద బిడ్డ భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఈ లెక్క తేలడానికే సీటీ అడుగుతున్నారు.

ఊళ్ళో వైద్యులను కూడా తప్పుపట్టకండి. దారి మూసుకుంటే రక్తం ఊపిరితిత్తుల్లోనే నిలిచి, అక్కడి సన్నని నాళాల్లో ఒత్తిడి పెరిగి, నీరు ఊరుతుంది. ఎక్స్‌రేలో అది అచ్చం నెమ్ములాగే కనిపిస్తుంది, పిల్లి కూతలు కూడా వినిపిస్తాయి. రెండు నెలలు నిండి ఏడాది లోపు ఉన్న బిడ్డకు నిమిషానికి 50, ఆ పైన శ్వాసలు వస్తే వేగంగా ఉన్నట్టే, మీరు లెక్కపెట్టిన 68 కంగారు పడవలసిన అంకే. పుపుస సిరల ఆపరేషన్ అయిన బిడ్డకు మళ్ళీ మళ్ళీ నెమ్ము వస్తోందంటే, ఇంకో యాంటీబయాటిక్ రాసేముందు ఒక ఎకో తీయాలన్నది మా విభాగంలో కొత్తగా చేరినవారికి నేను మొదట చెప్పే మాట.

డాలస్ అమ్మ | జూన్ 4, ఉదయం 6:20

మా పాపకు గుండె ఆపరేషన్ ఏదీ జరగలేదు, అయినా ఇదే జబ్బు వచ్చింది. అందుకని మా అనుభవం ఇక్కడ చెప్పడం అవసరమనిపించింది. పాప 26 వారాలకే పుట్టింది. మూడు నెలలకు పైగా ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) ఉంది, ముదరని ఊపిరితిత్తుల వల్ల ఆక్సిజన్ మీదే ఇంటికి వచ్చింది. ఊపిరితిత్తుల్లో రక్తపోటు ఎక్కువగా ఉందని తెలిసినప్పుడు అందరూ దాన్ని ఆ ఊపిరితిత్తుల జబ్బు ఖాతాలోనే వేశారు. ఎన్ఐసీయూలో ఉండగా తీసిన ఎకోల్లో నాలుగు సిరలూ బాగున్నాయని రాసి ఉంది, ఆ రాసిన మాట నిజమే. సమస్య ఏమిటంటే, నెలలు తక్కువగా పుట్టిన పిల్లల్లో పుట్టినప్పుడు మామూలుగా ఉన్న సిరలే తర్వాతి నెలల్లో సన్నబడతాయి. ఒకసారి బాగుందని రాసిన కాగితం ఎప్పటికీ చెల్లుతుందని మేమూ నమ్మాం, వైద్యులూ నమ్మారు.

రక్తపోటు తగ్గించడానికి సిల్డెనాఫిల్ మొదలుపెట్టాక పాపకు ఆయాసం తగ్గలేదు సరికదా, నాలుగు రోజుల్లో ఆక్సిజన్ రెట్టింపు పెట్టవలసి వచ్చింది. అప్పుడు ఒక డాక్టరమ్మ గారు ఆగి, ముందు తలుపు వెడల్పు చేస్తే ఊపిరితిత్తులు ఇంకా నిండుతున్నాయంటే వెనక తలుపు మూసుకుని ఉందేమో చూడాలి అన్నారు. సీటీలో ఎడమ వైపు రెండు సిరలూ సన్నబడినట్టు తేలింది. ఎనిమిదో నెలలో తెలిసిన సంగతి అయిదో నెలలోనే తెలిసి ఉండేదేమో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

పిల్లల గుండె వైద్యుడు | జూన్ 4, ఉదయం 9:10

ఆ డాక్టరమ్మ గారి మాట నేను కూడా వాడుకుంటాను, అనుమతి ఉందనుకుంటాను. సిల్డెనాఫిల్ గాని నైట్రిక్ ఆక్సైడ్ గాని ధమనులను తెరుస్తాయి, సిరల అడ్డును తీయలేవు. ఆ మందు వేసిన తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు పెరిగితే అదే ఒక పరీక్ష ఫలితంలాగా తీసుకుని సిరల వైపు చూడాలి. నెలలు తక్కువ పిల్లల్లో ఎడమ వైపు సిరలకు ఎక్కువగా పడుతుంది. గుండె గదుల మధ్య రంధ్రం గాని పుట్టాక మూసుకోవలసిన డక్టస్ అనే నాళం మూసుకోకపోవడం గాని ఉండి ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువగా పోయే పిల్లల్లో, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కూడా ఇది కనిపిస్తుంది.

చిన్న చరిత్ర ఒకటి చెబుతాను. ఈ జబ్బును 1951లో వర్ణించినవారు సిడ్నీకి చెందిన పాథాలజిస్టు రే. ఆస్పిరిన్ వేసిన పిల్లల్లో వచ్చే రే సిండ్రోమ్‌కు పేరు వచ్చింది ఆయన వల్లే. ఇన్నేళ్ళ కిందట ఆయన శవపరీక్షలో చూసినదాన్ని ఇవాళ బతికున్న బిడ్డలో ఎకోతో చూడగలుగుతున్నాం, కాకపోతే వెతికితేనే కనిపిస్తుంది.

ఎకో గది నుంచి | జూన్ 4, మధ్యాహ్నం 2:35

నేను పదకొండేళ్ళుగా పిల్లల ఎకోలు తీస్తున్నాను. నాన్నగారూ, మీ రిపోర్టులో నాలుగు సిరల పేర్లూ విడివిడిగా రాశారో లేదో చూడండి. కుడి పైది, కుడి కిందిది, ఎడమ పైది, ఎడమ కిందిది అని ఒక్కొక్కదానికీ రక్తవేగం రాసి ఉండాలి. సిరలన్నీ మామూలుగా ఉన్నాయని ఒకే వాక్యం రాసి ఉంటే, నాలుగూ చూశారా అని మర్యాదగానే అడగవచ్చు. ఏడుస్తున్న బిడ్డలో, వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డలో నాలుగోది దొరక్కపోవడం మాకు మామూలే, దొరకలేదని రాయకపోవడమే తప్పు.

మామూలు సిరలో రక్తం అలల్లాగా వస్తుంది, గుండె కొట్టుకునే ప్రతిసారీ లేచి మళ్ళీ అడుగుకు దిగుతుంది. సన్నబడిన చోట ఆ అలలు పోయి, అడుగుకు దిగకుండా ఎత్తులోనే సాగుతుంది, రంగు డాప్లర్‌లో నీలం ఎరుపులు కలిసిపోయి కనిపిస్తాయి. సెకనుకు 2 మీటర్లకు దగ్గరగా వేగం పోతే నేను వెంటనే డాక్టరు గారిని గదిలోకి పిలుస్తాను.

ఒక మోసం గురించి కూడా చెప్పాలి. ఒక సిర బాగా మూసుకుపోయినప్పుడు ఆ భాగానికి వెళ్ళవలసిన రక్తం తక్కిన భాగాలకు మళ్ళుతుంది. అప్పుడు మూసుకుపోయిన సిరలో ప్రవాహమే తగ్గి, పీడన వ్యత్యాసం కూడా తక్కువగా చూపిస్తుంది. పోయిన నెల 9 అని, ఈ నెల 4 అని వస్తే బిడ్డ బాగుపడిందని సంతోషించే ముందు, ఆ సిర ఇంకా తెరుచుకునే ఉందా అని అడగాలి. అందుకే ఎకో ఒక్కదాంతో సరిపెట్టకుండా సీటీ చూస్తారు, ఒక్కొక్క ఊపిరితిత్తికి ఎంత రక్తం పోతోందో కొలిచే పర్ఫ్యూజన్ స్కాన్ కూడా కొన్నిచోట్ల చేస్తారు. క్యాథ్‌లో ధమని వైపు నుంచి రంగుమందును నెట్టి, అది సిరల్లోకి ఎలా తిరిగి వస్తుందో చూస్తే, సీటీలో లేనట్టు కనిపించిన సిర కూడా ఒక్కోసారి వెంట్రుకలాగా బయటపడుతుంది.

గుంటూరు బాబాయి | జూన్ 5, రాత్రి 8:15

మా చుట్టాలబ్బాయికి ఇలాంటిదే వస్తే బెలూన్ పెట్టి తెరిచారు, మూడో రోజుకు ఇంటికి వచ్చేశాడు. పసివాడి గుండెను రెండోసారి కోయించే బదులు మీరూ ముందు బెలూన్, స్టెంట్ సంగతి అడగండి. మళ్ళీ కోయించుకోవడం ఎందుకు?

పిల్లల గుండె వైద్యుడు | జూన్ 5, రాత్రి 10:30

బాబాయి గారి ఉద్దేశం మంచిదే, కాని ఈ ఒక్క సలహాతో నేను ఏకీభవించను. బెలూన్‌తో తెరిచిన సిర ఆ రోజు బాగా తెరుచుకున్నట్టే కనిపిస్తుంది. చాలామందిలో కొన్ని వారాల్లోనే మళ్ళీ సన్నబడుతుంది, ఎందుకంటే బెలూన్ దారిని సాగదీస్తుందే గాని పెరుగుతున్న కణాలను ఆపదు. స్టెంట్ ఇంకొంత కాలం నిలబెడుతుంది, కాని దాని లోపలా అదే పొర పెరుగుతుంది. 7 మిల్లీమీటర్లు, ఆ పైన వ్యాసం ఉన్న స్టెంట్లే ఎక్కువ కాలం తెరిచి ఉంటాయని అనుభవం చెబుతోంది. నాలుగున్నర నెలల బిడ్డ సిరలో అంత పెద్దది పట్టించడం ఎంత కష్టమో ఊహించండి. పైగా ఇవాళ పెట్టిన చిన్న స్టెంటును బిడ్డ పెరిగేకొద్దీ వెడల్పు చేయలేకపోతే అదే రేపటి అడ్డు అవుతుంది.

టీఏపీవీసీ తర్వాత వచ్చే సంకోచానికి సూచర్‌లెస్ (సిరకు కుట్టు వేయని) పద్ధతి అని ఒకటుంది. ఫ్రాన్స్ శస్త్రవైద్యులు 1996లో, టొరంటో బృందం 1998లో దీన్ని ప్రచురించారు. సిరకు నేరుగా కుట్టు పడితే ఆ కుట్టు దగ్గరే మళ్ళీ మచ్చ పెరుగుతుందన్న ఆలోచన మీద నడిచే పద్ధతి ఇది. సన్నబడిన సిరను ఊపిరితిత్తి వైపు వరకు పొడవుగా చీల్చి తెరిచి, ఎడమ కర్ణిక (గుండె ఎడమ పై గది) అంచును సిరకు కాకుండా దాని చుట్టూ ఉన్న గుండె పైపొరకు కుడతారు. రక్తం ఆ పొర ఏర్పరచిన చిన్న గదిలోకి వచ్చి అక్కడి నుంచి కర్ణికలో పడుతుంది, సిర అంచును మాత్రం సూది తాకదు. పాత ఆపరేషన్ వల్ల పొరలు అతుక్కుని ఉండడం ఇక్కడ ఒక విధంగా మేలు చేస్తుంది, రక్తం బయటికి కారకుండా పట్టి ఉంచుతుంది.

దీని తర్వాత కూడా కొందరిలో జబ్బు సిర లోపలి వైపు తిరిగి వస్తుంది. అప్పుడు బెలూన్ అవసరమవుతుంది, అదీ ఒకసారి కాదు. కాబట్టి కోతా బెలూనా అని ఒకదానికొకటి పోటీ పెట్టకండి, ఈ పిల్లలకు చాలాసార్లు రెండూ కావాలి. ఏది ముందు అన్నది అతుకు దగ్గర ఎంత ఉంది, సిరలో ఎంత లోపలికి ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది.

నరసరావుపేట నాన్న | జూన్ 9, సాయంత్రం 5:05

సీటీ అయింది. ఎడమ కింది సిర అతుకు దగ్గర 2 మిల్లీమీటర్లకు తగ్గింది. ఎడమ పై సిర కూడా లోపల కొంత సన్నబడింది, ఇది ఎకోలో రాయలేదు. కుడి వైపు రెండూ బాగున్నాయి. ఎకో గది వారు చెప్పినట్టు నాలుగు సిరల పేర్లూ నేనే కాగితం మీద రాసుకుని వెళ్ళి ఒక్కొక్కటీ అడిగాను. డాక్టరు గారు విసుక్కోలేదు, తెరమీద ఒక్కొక్కటీ చూపించారు. సూచర్‌లెస్ ఆపరేషన్ చేద్దామని, ఆ తర్వాత మందు కూడా మొదలుపెడదామని అన్నారు. ఆ మందు పేరు సిరోలిమస్. మూత్రపిండం మార్చినవారికి వాడేదని ఇంటర్నెట్‌లో చదివి మా ఇంట్లో అందరూ బెదిరిపోయారు.

మందుల పరిశోధకుడు | జూన్ 9, రాత్రి 11:20

బెదరవలసిన పని లేదు గాని, తేలిగ్గా తీసుకునే మందు కూడా కాదు. ఇది ఈస్టర్ ద్వీపం మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది, ఆ ద్వీపం పేరు రాపా నూయి కాబట్టి మొదట రాపమైసిన్ అన్నారు. మాంట్రియల్‌లో దాన్ని వేరుచేసిన బృందానికి నాయకత్వం వహించినది భారత సంతతికి చెందిన సురేన్ సెహగల్. కణాలు విభజన చెందే దారిలో ఒక కీలకమైన మీటను ఇది ఆపుతుంది. పెద్దవాళ్ళ గుండె ధమనుల్లో పెట్టే మందుపూత స్టెంట్లలో చాలావాటి మీద ఉన్నది కూడా ఇదే, లేదా దీని జాతి మందే, పని కూడా అదే: లోపలి పొర పెరగకుండా చూడడం. పుపుస సిరల జబ్బులో అట్లాంటాలో దీన్ని వాడి, బతికే అవకాశం మెరుగైందని 2021లో ప్రచురించారు. బోస్టన్‌లో ఇమాటినిబ్ అనే రక్త క్యాన్సర్ మందును, కొందరిలో బెవాసిజుమాబ్‌తో కలిపి ఇచ్చిన ఫలితాలు 2018లో వచ్చాయి. ఇవేవీ ఒంటరిగా సిరను తెరవవు. తెరిచిన సిర మళ్ళీ మూసుకోవడాన్ని నెమ్మదింపజేస్తాయి, అంతవరకే ఆశించాలి.

పక్కదారి అనుకోకపోతే ఒక మాట. ఇమాటినిబ్ కంటే ముందు ఇదే బోస్టన్ పిల్లల ఆసుపత్రి వైద్యులు ఈ జబ్బుకు విన్‌బ్లాస్టిన్, మెథోట్రెక్సేట్ కలిపి ప్రయత్నించారు, ఫలితం అంతంత మాత్రమే. ఆ మెథోట్రెక్సేట్ లెడర్లీ సంస్థలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారైన మందు. ఆ కుటుంబానికే చెందిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ 1947, 48 ప్రాంతాల్లో అదే ఆసుపత్రిలో పిల్లల రక్త క్యాన్సర్‌కు చికిత్స మొదలుపెట్టాడు.

ఇక మీకు పనికొచ్చేవి. గాయం మానడాన్ని సిరోలిమస్ ఆలస్యం చేస్తుంది కాబట్టి ఆపరేషన్ గాయం మానాకే మొదలుపెడతారు. రక్తంలో మందు ఎంత ఉందో తరచుగా పరీక్షిస్తారు, ఆ పరీక్షకు రక్తం ఆ పూట మందు వేయకముందే ఇవ్వాలి. నోటిపూత, రక్తకణాలు తగ్గడం, కొవ్వు పెరగడం, ఇన్ఫెక్షన్లు దీని దుష్ప్రభావాలు. అన్నిటికంటే ముఖ్యం, క్లారిత్రోమైసిన్, ఫ్లుకొనజోల్ లాంటివి వేస్తే రక్తంలో సిరోలిమస్ ప్రమాదకరంగా పెరుగుతుంది. రిఫాంపిసిన్ వేస్తే దాదాపు లేకుండా పోతుంది. మన దగ్గర బరువు పెరగని, దగ్గుతూ ఉండే బిడ్డకు క్షయ మందులు మొదలుపెట్టడం అరుదు కాదు కాబట్టి ఈ చివరిది గట్టిగా గుర్తుంచుకోండి. ఊళ్ళో ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా మందు చీటీ తీసుకోకముందే సిరోలిమస్ పేరు చెప్పండి.

డాలస్ అమ్మ | జూన్ 10, ఉదయం 5:50

మేము రోజూ ఇదే మందు వేస్తున్నాం. ఒక మిల్లీలీటరు సిరంజిలోకి తీసుకుని, నోటి పక్క నుంచి చెంపలోకి కొంచెం కొంచెంగా వదిలితే ఉమ్మదు. నాలుక మీద వేస్తే సగం గౌనుకే పోతుంది, అప్పుడు ఎంత లోపలికి పోయిందో తెలియక మళ్ళీ వేయాలా వద్దా అని తల పట్టుకున్న రోజులున్నాయి. అలా అయినప్పుడు మళ్ళీ వేయకుండా ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి. గోడకు ఒక కాగితం అంటించి వేసిన వేళ రాస్తే, మీరొకసారి వాళ్ళ నానమ్మ ఒకసారి వేసే ప్రమాదం ఉండదు.

కృష్ణా జిల్లా ఆశా కార్యకర్త | జూన్ 10, మధ్యాహ్నం 1:15

ఖర్చు సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆ పథకం డెస్కు దగ్గర ఆపరేషన్‌కు, తర్వాతి క్యాథ్‌లకు, రక్త పరీక్షలకు ఏవేవి వర్తిస్తాయో విడివిడిగా అడిగి ముందే అనుమతి పెట్టించుకోండి. ఆపరేషన్ ఒక్కదానికే అడిగి ఊరుకుంటే తర్వాతివాటి దగ్గర ఇబ్బంది పడతారు. తిరుపతిలో టీటీడీ 2021లో తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం కూడా మన పిల్లలకు అందుబాటులో ఉంది.

నరసరావుపేట నాన్న | ఆగస్టు 21, రాత్రి 9:30

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. జూన్ 17న సూచర్‌లెస్ ఆపరేషన్ జరిగింది. తొమ్మిది రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఎడమ కింది సిర ఇప్పుడు బాగా తెరుచుకుని ఉంది. ఎడమ పైది ఆగస్టు మొదటి వారం క్యాథ్‌లో మళ్ళీ సన్నగా కనిపించి బెలూన్ చేశారు, ఆరు వారాల తర్వాత ఇంకొక క్యాథ్ ఉంటుందన్నారు. సిరోలిమస్ జూలై నుంచి వేస్తున్నాం, రక్తంలో మోతాదు ఒకసారి ఎక్కువై తగ్గించారు. నిద్రలో శ్వాసలు ఈ రాత్రి 44. బరువు 6 కిలోల 100 గ్రాములు.

ఒక సందేహం. తొమ్మిదో నెలలో తట్టు, రుబెల్లా టీకా వేయాలని అంగన్‌వాడీ టీచరమ్మ గుర్తు చేశారు. వేయించవచ్చా?

మందుల పరిశోధకుడు | ఆగస్టు 21, రాత్రి 10:05

అది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, నోటి పోలియో చుక్కలు కూడా అంతే. సిరోలిమస్ వేస్తుండగా మీ గుండె డాక్టరు గారు రాసి ఇవ్వకుండా ఈ రెండూ వేయించకండి. ఇంజెక్షన్‌గా ఇచ్చే పోలియో టీకాలో, మరికొన్ని ఇతర టీకాల్లో బతికున్న సూక్ష్మజీవి ఉండదు, వాటి సంగతి వేరుగా అడగండి. టీచరమ్మకు కోపం రాకుండా ఆసుపత్రి నుంచి ఒక చీటీ తెచ్చి టీకా కార్డులో పెట్టండి. ఇంట్లో పెద్దలందరూ ఫ్లూ టీకా వేయించుకోవడం గురించి కూడా అడగండి.

నరసరావుపేట నాన్న | ఆగస్టు 22, ఉదయం 7:40

చీటీ కోసం సోమవారం వెళ్తున్నాం. ఎకో కూడా ఆ రోజే. నాలుగు పేర్ల కాగితం బ్యాగులో పెట్టాను.